మానని పుండు: క్యాన్సర్ కణశాస్త్రాన్ని తెలుగులో చెప్పడం – ఉత్తరాంధ్ర అడ్డపొగ నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం

కణాల మధ్య నడిచే సంకేతాలు, వృద్ధికారకాలు క్యాన్సర్‌కు ఎలా దారితీస్తాయో వివరించే తెలుగు వచనాన్ని ఈ వ్యాసం భాషాపరంగా పరిశీలిస్తుంది. ‘కారకం’ అనే ఒకే పదం రెండు వేర్వేరు భావాలను మోయవలసిరావడం వల్ల, కర్మణి వాక్యాలు కర్తను మరుగుపరచడం వల్ల ఆ వచనంలో ఏర్పడే అస్పష్టతను చూపుతుంది. వ్యవహారంలో ఉన్న ‘రాచపుండు’, ‘కబురు’, ‘మానడం’ అనే మాటలు ఈ విషయాన్ని ఎంతవరకు మోయగలవో, ఎక్కడ మోయలేవో చర్చిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లోని అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ ఈ చర్చకు ఆధారం.

కీలకపదాలు: క్యాన్సర్, వృద్ధికారకం, గ్రాహకం, సంకేతం, రాచపుండు, అడ్డపొగ, శాస్త్రవచనం, పరిభాష, ఉత్తరాంధ్ర.

ప్రవేశిక

ఏటా ఫిబ్రవరి 4న ప్రపంచ క్యాన్సర్ దినం వస్తుంది. ఆ వారంలో తెలుగు దినపత్రికల ఆరోగ్యపుటలు ఆ వ్యాధి మీద వ్యాసాలు ప్రచురిస్తాయి. వాటిలో లక్షణాలుంటాయి, చేయించుకోవలసిన పరీక్షలుంటాయి, వదులుకోవలసిన అలవాట్లుంటాయి. ఆ మేరకు అవి చేస్తున్న మేలు కాదనలేనిది. అయితే అంతకాలం ఒద్దికగా మెలగిన ఒక కణం ఒకనాడు ఎందుకు అదుపు తప్పుతుంది అనే ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఆ వచనం బిగుసుకుపోతుంది. కణాలు అపరిమితంగా విభజన చెందడమే క్యాన్సర్ అన్న నిర్వచనం చెప్పి ఆగిపోతుంది. ఎందుకు విభజన చెందుతాయి? ఎవరు చెబితే చెందుతాయి? ఎవరూ చెప్పకుండానే చెందుతుంటే ఆపవలసినవారు ఏమయ్యారు? గత అరవై ఏళ్లలో జీవశాస్త్రం ఈ ప్రశ్నలకు చాలా స్పష్టమైన సమాధానాలు సంపాదించింది. ఆ స్పష్టత తెలుగు వాక్యంలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

శాస్త్రవచనంతో సాహిత్యవిమర్శకు పనేమిటని అడగవచ్చు. వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయంగా మాత్రమే చదవడం మనకు అలవాటైంది. కానీ గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పట్టుదల ప్రధానంగా బడి గురించినది. చదువుకొనే పిల్లవాడికి విషయం అందాలంటే ఏ భాషలో చెప్పాలన్నదే ఆయన మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న పుట్టిన ప్రాంతంలోనే, ప్రపంచ వైద్యసాహిత్యంలో ప్రత్యేకంగా నమోదైన ఒక క్యాన్సర్ కూడా ఉంది. ఆ రెండింటినీ కలిపి చూడడానికి ఇది ప్రయత్నం.

అడ్డపొగ: అంగిలి మీది చరిత్ర

చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకొని పొగ పీల్చడాన్ని ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. పల్లె ఉచ్చారణలో చుట్ట ‘సుట్ట’ అవుతుంది. ఈ అలవాటు ముఖ్యంగా స్త్రీలలో కనిపిస్తుంది. చుట్ట ఎక్కువసేపు వస్తుందని, చేతులు పనిలో ఉన్నా గాలికి నిప్పు ఆరదని, పెద్దల ఎదుట నిప్పు కనబడదని కారణాలు చెబుతారు. నాట్లు వేసే చేతికి, బట్టలుతికే చేతికి తీరిక లేదన్న సంగతి ఈ కారణాలన్నింటి వెనుకా ఉంది. అలవాటును ‘మూఢత్వం’గా చూసే రచనలు ఈ శ్రమ కోణాన్ని వదిలివేయడం ఒక లోపం.

టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి. ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి 1945లోనే గట్టి అంగిలికి వచ్చే క్యాన్సర్‌ను ఈ తీరప్రాంతపు చుట్ట అలవాటుతో ముడిపెట్టి రాశారు. పొగాకు వాడేవారికి నాలుకకో బుగ్గకో క్యాన్సర్ రావడం ఎక్కడైనా చూస్తాం. గట్టి అంగిలికి రావడం ఇతర ప్రాంతాల్లో అరుదు. 1971లో డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ముంబయి పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని ఇంటింటికీ వెళ్లి పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. వారిలో దాదాపు 44 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉంది. విజయనగరం జిల్లా 1979లో గాని ఏర్పడలేదు కనుక, ఆనాటి ‘శ్రీకాకుళం’ అనే మాటను నేటి పటం మీద కొంత విశాలంగానే చదువుకోవాలి.

అడ్డపొగ తాగేవారి అంగిలి మొదట తెల్లబారి మందమవుతుంది. లాలాజలం ఊరే చిన్న గ్రంథుల నోళ్లు ఉబ్బి ఎర్రని చుక్కల్లా కనిపిస్తాయి. కొందరిలో ఎర్రని మచ్చలు ఏర్పడతాయి, కొందరిలో పుండ్లు పడతాయి. చాలామందిలో కథ అక్కడే ఆగుతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరువాత క్యాన్సర్‌గా మారుతుంది.

ఇక్కడ రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. పొగాకు పొగలోని నైట్రోసమైన్లు, బెంజోపైరీన్ వంటి పదార్థాలు కణంలోని డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఇది బయటి నుంచి వచ్చిన హాని. అదే సమయంలో నిప్పు సెగకు రోజూ కమిలే అంగిలిని శరీరం రోజూ బాగుచేసుకుంటూ ఉంటుంది. బాగుచేయడమంటే చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పుట్టించడం. అందుకు బతికున్న కణాలకు విభజన చెందమని చెప్పాలి. ఆ చెప్పే పని చేసేవే వృద్ధికారకాలు. ఇది లోపలి మేలు. దెబ్బతిన్న డీఎన్ఏ ఉన్న కణం, దెబ్బను సరిచేసుకోకముందే మళ్లీ మళ్లీ విభజన చెందవలసివస్తే, ఆ దెబ్బ పిల్లకణాలకు శాశ్వతంగా సంక్రమించే అవకాశం పెరుగుతుంది. హాని, మేలు ఒకే అంగిలి మీద కలవడం వల్ల ఈ ప్రమాదం పెరుగుతోంది. ఈ కలయికను తెలుగులో ఎలా చెబుతున్నామన్నది తరువాతి ప్రశ్న.

‘కారకం’ చేస్తున్న గందరగోళం

నైట్రోసమైన్ల వంటివాటిని పత్రికలు ‘క్యాన్సర్ కారకాలు’ అంటాయి. పాఠ్యపుస్తకాలు, వైద్యవ్యాసాలు శరీరం తానే తయారుచేసుకునే మరమ్మతు ప్రొటీన్లను ‘వృద్ధికారకాలు’ అంటాయి. ఒకటి విషం, మరొకటి జీవనావసరం. రెండింటికీ చివర ఉన్న పదం ఒకటే.

వ్యాకరణం చదివినవారికి కారకం కొత్త మాట కాదు. బాలవ్యాకరణంలో కారక పరిచ్ఛేదం మనం విద్యార్థిదశలోనే దాటివస్తాం. క్రియతో సంబంధం కలది కారకం. కర్త ఒక్కటే కాదు, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం కూడా కారకాలే. ఈ అర్థంలో చూస్తే ‘వృద్ధికారకం’ ఎంతో చక్కని పదం. పెరుగుదల అనే క్రియలో దానికి ఒక పాత్ర ఉందని మాత్రమే అది చెబుతుంది; ఏ పాత్రో చెప్పదు. కానీ నేటి వ్యవహారంలో కారకం ఆ అర్థంలో లేదు. ప్రమాదానికి కారకుడైన డ్రైవరు, గొడవకు కారకులైన యువకులు అని రోజూ చదువుతున్నాం. నేటి కారకుడు వ్యాకరణంలోని కర్త కాదు, పోలీసుల దృష్టిలోని నిందితుడు. ఆ నింద ‘వృద్ధికారకం’ మీద కూడా పడుతుంది.

ఇది కేవలం పండిత చర్చ కాదు. కీమోథెరపీ తీసుకుంటున్న వ్యక్తికి తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడు ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. అది ఒక వృద్ధికారకమే. ఎముకమజ్జలోని కణాలను పెరగమని చెబుతుంది. ‘వృద్ధికారకాలు క్యాన్సర్‌ను పెంచుతాయి’ అని ఒక వ్యాసంలో చదివిన కొడుకు, తల్లి మందుల వివరాల్లో అదే మాట చూస్తే ఏమనుకోవాలి? అతని భయం తెలివితక్కువతనం కాదు. భాష అతనికి ఇచ్చిన సమాచారం నుంచి అతను సరిగ్గానే తీర్మానం చేశాడు.

ఆంగ్లంలో ఫ్యాక్టర్ అనే పేరు కూడా గొప్ప ఆలోచనతో పెట్టినది కాదు. ఒక ద్రవంలో ఏదో ఉంది, దాని వల్ల ఏదో జరుగుతోంది, అదేమిటో ఇంకా తెలియదు అన్న దశలో పెట్టే పేరది. స్టాన్లీ కోహెన్ నాడీకణాల పెరుగుదలకు సంబంధించిన పదార్థం మీద పనిచేస్తూ, ఎలుకల లాలాజల గ్రంథుల సారాన్ని పసి ఎలుకలకు ఎక్కించాడు. వాటి కనురెప్పలు రావలసిన సమయానికి చాలా ముందే విచ్చుకున్నాయి, పళ్లు ముందే మొలిచాయి. ఆ సారంలో ఉన్న పదార్థాన్ని వేరుచేసి 1962లో ప్రకటించాడు. చర్మపు పైపొర పెరుగుదలను ప్రేరేపించే ఆ ప్రొటీన్‌నే నేడు ఈజీఎఫ్ అంటున్నాం. ఆ పరిశోధనలకు 1986లో రీటా లెవీ మోంటాల్చీనితో కలిసి ఆయన నోబెల్ బహుమానం అందుకున్నాడు. ఈ ప్రొటీన్ మనుషుల లాలాజలంలో కూడా ఉంటుంది. అంటే అడ్డపొగ తాగే స్త్రీ అంగిలిని నిత్యం తడిపే ఉమ్మిలోనే మాన్పే గుణం ఉంది. పుండు మీద ఉమ్మి రాసే పల్లె అలవాటు గుర్తుకు రావచ్చు. అయితే ఉమ్మిలో సూక్ష్మజీవులు కూడా ఉంటాయి కనుక ఆ అలవాటును ఇక్కడ సమర్థించడం లేదు.

రాచపుండు అనే మాట విలువ

క్యాన్సర్‌కు తెలుగు వాడుకలో రాచపుండు, రాచకురుపు అనే పేర్లు ఉన్నాయి. సంస్కృత వైద్యం నుంచి వచ్చిన ‘అర్బుదం’ కూడా ఉంది. అర్బుదం ఒక పెద్ద సంఖ్యకు కూడా పేరు కావడం కణాల లెక్క తెలిసినవారికి చమత్కారంగా తోచవచ్చు. చదువుకున్నవారి రాతల్లో ఈ మాటలన్నీ దాదాపు మాయమయ్యాయి. రాచపుండు అనడం నాటుతనమని, క్యాన్సర్ పుండు కాదు గడ్డ అని వైద్యులు సరిదిద్దుతారు.

అయితే వృద్ధికారకాల చరిత్ర ఈ నాటుమాటకు అనుకోని బలం చేకూర్చింది. 1974లో రస్సెల్ రాస్ బృందం ఒక తేడా గమనించింది. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరంలో రక్తనాళపు గోడలోని కండరకణాలు పెరిగాయి. గడ్డకట్టనివ్వకుండా తీసిన ప్లాస్మాలో పెరగలేదు. రక్తం గడ్డకట్టేటప్పుడు రక్తఫలకికలు ఒక పదార్థాన్ని విడుదల చేస్తాయి, ఆ పదార్థమే కణాలను పెంచుతోందని తేలింది. దాన్ని పీడీజీఎఫ్ అంటారు. రక్తం ఎప్పుడు గడ్డకడుతుంది? గాయమైనప్పుడు. గాయమైన చోటే పెరగమనే ఉత్తర్వు విడుదల కావడంలో ప్రకృతి పొందిక ఉంది.

1983లో మరో సంగతి బయటపడింది. కోతుల్లో క్యాన్సర్ పుట్టించే ఒక వైరస్ మోసుకుతిరిగే ‘సిస్’ అనే జన్యువు, ఈ పీడీజీఎఫ్ ప్రొటీన్‌కు చెందిన జన్యువుకు దాదాపు నకలని రెండు పరిశోధక బృందాలు చూపాయి. క్యాన్సర్ జన్యువు ఎక్కడి నుంచో వచ్చిన రాకాసి కాదు, గాయం మాన్పే ప్రొటీన్ రాతప్రతే. మరుసటి ఏడాది ఈజీఎఫ్‌ను అందుకునే గ్రాహకానికీ, కోళ్లలో క్యాన్సర్ తెచ్చే మరో వైరస్ జన్యువుకూ అటువంటి పోలికే బయటపడింది. 1986లో అమెరికా వైద్యుడు హెరాల్డ్ డ్వొరాక్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో కణితులను మానని గాయాలుగా వర్ణించాడు. గాయం దగ్గర జరిగే పనులన్నీ కణితి దగ్గర కూడా జరుగుతాయి, ముగియడం ఒక్కటే జరగదు అన్నది ఆయన వాదన. తెలుగులో ‘మానని పుండు’ అంటే చాలు.

ఇంతమాత్రాన రాచపుండును పరిభాషగా పునరుద్ధరించాలని నా ప్రతిపాదన కాదు. ఆ మాట ప్రక్రియను సరిగ్గా పట్టుకుంది కానీ రూపాన్ని తప్పుగా చూపుతుంది. పుండు అనగానే నొప్పి, రసి, మంట మనసుకు వస్తాయి. రొమ్ములో చేతికి తగిలే గట్టి గడ్డకు తరచు ఇవేవీ ఉండవు. పుండు కోసం ఎదురుచూసే స్త్రీ నొప్పిలేని గడ్డను పట్టించుకోకపోవచ్చు. రక్తక్యాన్సర్‌లో అసలు పుండే లేదు. పైగా ‘రాచ’ అనే విశేషణం రాజాజ్ఞలా తిరుగులేనిదన్న భావాన్ని వెంట తెస్తుంది. చికిత్స ఉన్న కాలంలో ఆ ధ్వని హానికరం. అందువల్ల రాచపుండును పేరుగా కాక, వివరణకు తొలిమెట్టుగా వాడుకోవడం మేలు.

దీనికి బదులుగా మన పత్రికలు ఎంచుకున్న ‘మహమ్మారి’ మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. మహమ్మారి అంటుకునే వ్యాధి. క్యాన్సర్ పక్కన కూర్చుంటే అంటుకోదు. రోగికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే ఇళ్లు ఉన్న సమాజంలో శీర్షిక కోసం ఈ మాట వాడటం నిర్లక్ష్యమే. వ్యాధికి తగిలించే ఉపమానాలు రోగిని ఎలా బాధిస్తాయో సూసన్ సోంటాగ్ 1978లో ఒక పుస్తకమే రాసింది. తెలుగులో ఆ చర్చ ఇంకా మొదలుకావలసి ఉంది.

సంకేతం, కబురు, కూత

పాఠ్యపుస్తక శైలిని అనుసరించి కూర్చిన ఈ వాక్యాన్ని చూడండి: ‘వృద్ధికారకములు కణత్వచముపై గల గ్రాహకములతో బంధింపబడుట వలన కణాంతర సంకేత ప్రసరణ మార్గములు ఉత్తేజితములై కణవిభజన ప్రేరేపింపబడును.’ దీనిలో తప్పేమీ లేదు. పరీక్షలో రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. అయినా చదివినవారి మనసులో ఏ చిత్రమూ నిలవదు. కారణం సంస్కృతపదాలు అనుకోవడం తొందరపాటు. గ్రాహకం తేలికగానే అర్థమవుతుంది, గ్రహించేది గ్రాహకం. అసలు దోషం ‘బడు’ ధాతువుది. బంధింపబడుట, ప్రేరేపింపబడును అనే చోట ఎవరు ఎవరిని ఏమి చేశారన్నది కనబడదు. ఏ కథలో ‘ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, ఎవరు చెప్పకుండానే చేశారు’ అన్నదే ప్రాణమో, ఆ కథను కర్తలేని వాక్యాలలో చెబుతున్నాం.

అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు: ‘పక్క కణం నుంచి పెరగమని కబురు వస్తుంది. కణం పైపొరలో ఆ కబురు కోసమే ఉన్న గ్రాహకాలు దాన్ని అందుకుని రెండేసి జతకడతాయి. లోపలి కొసల మీద ఒకదానికొకటి ఫాస్ఫేట్ ముద్ర వేసుకుంటాయి. ఆ ముద్రను చూసి లోపలి ప్రొటీన్ మేలుకుంటుంది, అది మరొకదాన్ని లేపుతుంది. అలా చేతులు మారి వార్త కేంద్రకానికి చేరుతుంది. అప్పుడు కణం విభజనకు సిద్ధమవుతుంది.’ వాక్యాలు ఎక్కువయ్యాయి, విషయం తగ్గలేదు. ఫాస్ఫేట్ ముద్ర రూపంలో కొంత పెరిగింది కూడా.

సంకేతం అనే పదంతో ఒక చిక్కు ఉంది. సంకేతమంటే గుర్తు, చూసి అర్థం చేసుకోవలసినది. కబురు అంటే ఒకరు పంపగా మరొకరు అందుకొనేది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెళ్లికీ చావుకీ కబురెట్టడం నేటికీ వాడుకే. పంపినవారు, మోసినవారు, అందుకున్నవారు ఉంటేనే కబురు. కణసంకేతాల శాస్త్రంలో ఉన్నవి సరిగ్గా ఈ ముగ్గురే. కబురు ‘ఖబర్’ నుంచి వచ్చిందని అభ్యంతరం చెప్పేవారికి, ‘సంకేతం’ కూడా తెలుగు ధాతువు కాదని గుర్తుచేయాలి. తెలుగు అకాడమీ పరిభాష ఒక మార్గం, వేమూరి వేంకటేశ్వరరావు వంటివారు వాడుకను గమనిస్తూ కొత్తమాటలు కట్టిన మార్గం మరొకటి. పరీక్షకు మొదటిది ఉండనివ్వవచ్చు; మొదటిసారి వినేవారికి రెండవదే దారి.

కబురుకు కూడా ఒక పరిమితి ఉంది. పంపినవారికి ఒక ఉద్దేశం ఉన్నట్టు ధ్వనిస్తుంది. కణానికి ఉద్దేశాలు లేవు. జూట్ మిల్లు ఉన్న నెల్లిమర్లలో ఇంతకన్నా తగిన ఉపమానం దొరుకుతుంది. మిల్లు కూతకు ఉద్దేశం లేదు, కానీ దాన్ని విని షిఫ్టు కదులుతుంది. ఇప్పుడు వ్యవస్థ ఎన్నివిధాల చెడగలదో ఊహించండి. కూత ఆగకుండా కూస్తూనే ఉండవచ్చు: సిస్ జన్యువు విషయంలో జరిగినది అదే, కణం తనకు తానే పెరుగుదల కబురు పంపుకొంటుంది. కూత వేయకుండానే గేటు తెరుచుకోవచ్చు: కోళ్ల వైరస్‌లోని గ్రాహకానికి కబురు అందుకునే బయటి భాగమే లేదు, అయినా లోపలికి వార్త పంపుతూనే ఉంటుంది. కూత ఆగినా లోపల మగ్గం ఆగకపోవచ్చు. ఈ మూడవదాని గురించి కొంచెం నిలిచి చెప్పాలి.

గ్రాహకం తరువాత వార్తను మోసేవాటిలో రాస్ అనే ప్రొటీన్ ముఖ్యమైనది. జీటీపీ అనే అణువును పట్టుకున్నప్పుడు అది పనిచేస్తుంది. ఆ అణువును తానే తుంచి జీడీపీగా మార్చి ఆగిపోతుంది. తనను తాను ఆపుకొనే శక్తి దానిలోనే ఉంది. 1982లో మూత్రాశయ క్యాన్సర్ నుంచి పెంచిన టీ24 కణాల్లో ఈ రాస్ జన్యువును పరిశీలించినవారు, ఆరోగ్యకణాల జన్యువుతో పోలిస్తే పనితీరును మార్చే తేడా ఒకే ఒక్క అక్షరమని కనుగొన్నారు. జి ఉండవలసిన చోట టి ఉంది. దానివల్ల ప్రొటీన్‌లో పన్నెండవ స్థానంలో గ్లైసిన్ బదులు వాలిన్ వచ్చింది. అంతే, తుంచే శక్తి పోయింది, మగ్గం ఆగదు. అదే సంవత్సరం ఈ విషయాన్ని వేర్వేరుగా తేల్చిన బృందాల్లో ఒకదానికి నాయకత్వం వహించినవారు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన పూర్తిచేసి అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త ఆయన. ఆ వ్యాసం ‘నేచర్’ పత్రికలో వచ్చింది. 1987లో ఆరంభమైన ‘ఆంకోజీన్’ పత్రికకు సంస్థాపకుల్లో ఆయన ఒకరు. కీమోథెరపీకి తొలిబాటలు వేసిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మన పాఠాల్లో ఉంది. క్యాన్సర్ కారణాన్ని ఒక్క అక్షరానికి తెచ్చిన ఈ పేరు కూడా ఉండాలి. ఒక అక్షరం మారితే అర్థం తలకిందులవుతుందని ఛాత్రులకు చెప్పే తెలుగు ఉపాధ్యాయుడికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది?

భారతదేశంలో నమిలే పొగాకుకు సంబంధించిన నోటి క్యాన్సర్లలోనూ ఈ రాస్ జన్యువు మార్పులు కనిపిస్తున్నాయని 1990 దశకం ఆరంభంలోనే ముంబయి పరిశోధకులు చూపారు. అయితే ఒక్క రాస్ చెడితే సరిపోదు. దెబ్బతిన్న కణాన్ని ఆపే పీ53 వంటి కాపలా ప్రొటీన్లు కూడా తప్పుకోవాలి. ఇన్ని తప్పులు ఒకే కణంలో పేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, కొందరిలో ఎప్పటికీ పేరుకోవు. ‘మా మామ్మ ఎనభై ఏళ్లు సుట్ట కాల్చింది, ఏం కాలేదు’ అనే వాదనకు శాస్త్రం దగ్గరున్న నిజాయితీ గల జవాబు ఇదే. ‘పొగాకు తాగితే క్యాన్సర్ వస్తుంది’ అన్న ఏకవాక్యం ఆ మామ్మ ఎదుట ఓడిపోతుంది.

మందుల వైపు కూడా భాషాసమస్య ఇదే రూపంలో ఉంది. రొమ్ముక్యాన్సర్ నివేదికలో ‘హెర్2 పాజిటివ్’ అని వస్తుంది. కోవిడ్ తరువాత పాజిటివ్ అంటే జబ్బు సోకిందనే అర్థం స్థిరపడింది. ఇక్కడ దాని అర్థం, కణం మీద ఒకరకం గ్రాహకాలు లెక్కకు మించి ఉన్నాయని. ఆ గ్రాహకం మీదే వచ్చి కూర్చునే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు 1998లో అనుమతి లభించింది. కనుక ఆ మాట చెడు వార్తతో పాటు ఒక చికిత్సాద్వారాన్ని కూడా చెబుతోంది. ఒకరకం రక్తక్యాన్సర్‌లో ఆగని సంకేతాన్ని ఆపే ఇమాటినిబ్‌ను హైదరాబాదు నాట్కో సంస్థ 2003లోనే వీనాట్ పేరుతో తయారుచేసింది. తయారుచేయగలిగిన మందు ఏం చేస్తుందో తెలుగులో చెప్పడానికి మనం ఇంకా తడబడుతున్నాం.

మానడం: ఒక ధాతువు, రెండు అర్థాలు

1970 దశకం చివర ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడకందారులతో ఒక నివారణ అధ్యయనం మొదలైంది. ఇంటింటికీ వెళ్లి మాట్లాడటం, ప్రచారసాధనాల ద్వారా చెప్పడం – ఇవే దానిలోని ‘మందు’. అలవాటు వదిలినవారిలో నోటి మార్పులు తగ్గుముఖం పట్టడం, శ్రీకాకుళంలో అంగిలి మార్పులు కూడా వెనక్కి తగ్గడం ఆ పరిశోధకులు గమనించారు. శాస్త్రదృష్టితో ఇది సహజమే. సెగ ఆగితే కమలడం ఆగుతుంది, మరమ్మతు కబుర్లు తగ్గుతాయి, విభజన మందగిస్తుంది.

ఈ మొత్తాన్ని తెలుగు ఒకే ధాతువుతో చెప్పగలదు. ‘మాను’ సకర్మకంగా వాడితే వదిలిపెట్టడం. అకర్మకంగా వాడితే నయం కావడం. చుట్ట మానడం, పుండు మానడం. ప్రేరణార్థకంలోనూ ఈ జంట విడిపోదు: తాగుడు మాన్పించవచ్చు, గాయం మాన్పవచ్చు. ఆంగ్లంలో రెండు వేర్వేరు క్రియలు కావలసిన చోట తెలుగుకు ఒకటే చాలడం నిఘంటువులోని ఒక యాదృచ్ఛికం కావచ్చు. ఒక ఆశా కార్యకర్త ‘సుట్ట మానెయ్యి మామ్మా, అంగిలి మానిపోద్ది’ అన్నప్పుడు మాత్రం అందులో కారణమూ, ఫలితమూ, చేయవలసిన పనీ మూడూ ఉన్నాయి. ‘పొగాకు ప్రాణాంతకం’ అన్న ముద్రితవాక్యంలో క్రియే లేదు.

ముద్రితవాక్యం ఆ మామ్మకు చేరే దారి కూడా లేదు. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు పెట్టెల మీద 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక తప్పనిసరి. పల్లెల్లో చుట్ట తరచు విడిగానో, కట్టగానో అమ్ముడుపోతుంది. పెట్టె లేని సరుకుకు బొమ్మ ఎక్కడ వేస్తారు? అందుచేత అడ్డపొగ విషయంలో నోటిమాటే హెచ్చరిక. నోటిమాట గురించి ఆలోచించవలసిన బాధ్యత భాషాశాఖలదీ కూడా.

ఆ నోటిమాటకు ఒక గడువు చేర్చాలి. తెలుగులో ‘–తే’ ప్రత్యయం షరతు చెబుతుంది, ఎప్పటివరకో చెప్పదు. అంగిలి తెల్లబారిన దశలో చుట్ట మానితే అంగిలి మానే అవకాశం బాగా ఉంది. రాస్, పీ53 వంటివి ఒకే కణంలో చెడిపోయిన తరువాత కణానికి బయటి కబురుతో పని ఉండదు. సెగ ఆగినా అది పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు శస్త్రచికిత్స, రేడియేషన్ కావాలి. అందుకని ఆ వాక్యం వెంటనే రెండవ వాక్యం రావాలి: ‘ఎర్రమచ్చ ఉన్నా, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉన్నా సుట్ట మానెయ్యడం ఒక్కటే సరిపోదు మామ్మా, డాక్టరుకి చూపించాలి.’ నెల్లిమర్లలో వైద్యకళాశాల ఆసుపత్రి ఉంది, విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. ఈ రెండవ వాక్యంలో కూడా ‘మానడం’ రెండుసార్లు వచ్చింది, రెండు అర్థాలలో. వినేవారు ఒకదాన్ని మరొకటిగా పొరబడతారా లేదా అన్నది పల్లెల్లో కూర్చుని విని తేల్చవలసిన విషయం. మన శాఖల్లోని పరిశోధక విద్యార్థులకు అది మంచి క్షేత్రపర్యటన అవుతుంది.